బంతి లాక్కునే ప్రత్యేక ఆటగాడు అవసరమా: సమాధానం

నమస్కారమండి. గుంటూరులోని మీ కళాశాల రగ్బీ జట్టులో ఏడో నంబరు స్థానానికి కింద పడిన ప్రత్యర్థి నుంచి బంతి లాక్కునే నేర్పున్న సన్నపాటి కుర్రవాడినా, ప్రత్యర్థిని పట్టి పడగొట్టే దేహపుష్టి గల ట్యాక్లరునా ఎంచుకోవాలని అడిగారు.

ఆ నేర్పు జట్టులో ఒకరికైనా ఉండి తీరాలి గాని, అది ఏడో నంబరుకే ఉండాలన్న నియమం లేదు. దక్షిణాఫ్రికా హుకర్ (ముందు వరుస మధ్య ఆటగాడు) మాల్కమ్ మార్క్స్ ముందు వరుసలో ఉంటూనే ఆ పని చేస్తాడు, 2015 ప్రపంచ కప్పులో ఆస్ట్రేలియా మైకేల్ హూపర్‌ను ఏడో స్థానంలో, బంతి లాక్కోవడంలో దిట్ట అయిన డేవిడ్ పోకాక్‌ను ఎనిమిదో స్థానంలో ఆడించి ఫైనల్ చేరింది. రక్ (నేలమీది బంతిపై ఇరుజట్ల వారూ నిలబడి తోసుకునే గుంపు) ఏర్పడకముందే కాళ్లపై నిలబడి బంతిమీద చేతులు వేయడానికి దక్కేది ఒకటి రెండు క్షణాలే కాబట్టి, ప్రత్యర్థిని చప్పున పడగొట్టే తోడు లేనిదే ఆ కుర్రవాడు పెనాల్టీలే సమర్పిస్తాడు (మన ఎండకు గట్టిపడిన నేలమీద దెబ్బలు అదనం).

మీ హుకర్‌కు ఆ ఒడుపు ఉంటే ట్యాక్లరునే తీసుకోండి. లేకపోతే కుర్రవాడికే నా ఓటు. జట్టుకు ఏడుగురే ఆడే సెవెన్స్ రగ్బీలోనైతే ఏడుగురికీ అది రావలసిందే.