కలంకారీ ఆర్డరిచ్చాక మార్పులు చెప్పొచ్చా?

ప్రశ్న: శ్రీకాళహస్తి కళాకారుడికి ఆరడుగుల రామ పట్టాభిషేకం తెర చెప్పాం. మధ్యలో మార్పులు అడిగితే నొచ్చుకుంటారా? అడ్వాన్సు ఎంతివ్వాలి?

జవాబు: అడగండి, కానీ బొగ్గు గీత దశలోనే. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో వేసిన గీత దులిపితే పోతుంది. అందుకే ఆ దశలో ఫొటో తెప్పించుకుని ముఖాలు, చేతులు, అంచు, అక్షరాలు నిదానంగా చూసి ‘సరే’ అని రాసి పంపండి. తర్వాత వచ్చేది కసిమి. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెట్టిన ఈ ద్రవం కరక్కాయ పట్టించిన గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. ఇక చెరగదు. అప్పుడు రాముడి చూపు మార్చమంటే కొత్త గుడ్డ, కొత్త ఖర్చు. అది మీరే భరించడం న్యాయం.

ఎరుపు విషయంలో తొందరపడకండి. పటిక పూసిన చోట్ల, రంగులో ఉడికించాకే అది తేలుతుంది. ఫోన్ తెర మీది రంగును నమ్మకుండా, అరచేయంత నమూనా గుడ్డ ముందే అడగండి, దానికి డబ్బివ్వండి.

మొత్తంలో మూడోవంతు మొదట, మూడోవంతు నల్లగీత పూర్తయ్యాక, మిగతాది తెర అందాక ఇవ్వడం ఇద్దరికీ మేలు. వానాకాలమైతే ఆరబెట్టడానికి ఎండ చాలదు, గడువుకు రెండు మూడు వారాలు అదనంగా కలపండి.