నెల్లూరులో ఫిల్టర్ కాఫీ ఏ వేళకు ఎక్కడ తాగాలి?

బదిలీ మీద కొత్తగా నెల్లూరు వచ్చానని, ఫిల్టర్ కాఫీ లేనిదే పొద్దు గడవదని, పైపై ప్రచారం ఉన్నవి కాక ఈ ఊరివాళ్ళు రోజూ వెళ్ళే చోట్లు చెప్పమని, ఇంటికి పొడి ఎక్కడ కొనాలో కూడా తెలపమని మీరు అడిగారు. నేను 22 ఏళ్ళుగా ఈ ఊళ్ళో మెడికల్ రిప్రజెంటేటివ్‌గా పనిచేస్తున్నాను. మా ఉద్యోగంలో మందుల గురించి మాట్లాడేది పది నిమిషాలైతే, డాక్టరు గారు లోపలికి పిలిచేదాకా కాచుకుని ఉండేది గంట. ఆ గంటలన్నీ నాకు కాఫీ మీదే గడిచాయి కాబట్టి జవాబు రాసే అర్హత కొంత ఉన్నదనుకుంటున్నాను.

ఫలానా హోటల్లో కాఫీ బాగుంటుందని నెల్లూరులో ఎవరైనా మీకు చెబితే, ఏ వేళకు అని వెంటనే అడగండి. తెల్లవారి ఆరు గంటలకు రెండో గ్లాసు అడిగించుకున్న కాఫీయే, అదే కౌంటరులో, అదే మాస్టరు చేతి మీదుగా పదకొండు గంటలకు నోట పెట్టలేనట్టుగా రావచ్చు. దీనికి కారణం డికాషన్. పొడిని ఫిల్టరు పైగిన్నెలో పోసి, కొద్దిగా అదిమి, మరిగిన నీళ్ళు పోస్తే అది చుక్కచుక్కగా దిగడానికి ఇంట్లో పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. హోటళ్ళలో చాలాచోట్ల పెద్ద గుడ్డసంచితో ఆ పని కానిస్తారు. మొదటిసారి దిగినదానిలో సారమూ వాసనా ఉంటాయి. జనం ఎక్కువై, కొత్త పొడి వేసే తీరిక లేక, అదే పిప్పి మీద మళ్ళీ నీళ్ళు పోసినప్పుడు దిగేది రంగూ చేదూ మాత్రమే. ఆ పలుచదనం నాలుకకు తెలియకుండా పంచదార కాస్త ఎక్కువ పడుతుంది. గంటల తరబడి మరుగుతున్న పాల అడుగంటు వాసన దానికి తోడవుతుంది.

ఈ సంగతి నాకు పరువు పోగొట్టుకున్నాక తెలిసింది. ఏడెనిమిదేళ్ళ కిందట చెన్నై నుంచి మా ఏరియా మేనేజరు వచ్చారు. ఆయన మైలాపూరులో పుట్టి పెరిగిన మనిషి. మా ఊరి కాఫీ మీ ఊరి కాఫీకి తీసిపోదని దారి పొడుగునా చెప్పుకుంటూ, నేను రోజూ ఉదయం తాగే హోటలుకు ఆయనను పదకొండున్నరకు తీసుకువెళ్ళాను. ఆయన ఒక్క గుక్క తాగి, ఏమీ అనకుండా డబరాను, అంటే గ్లాసు కింద పెట్టే వెడల్పు గిన్నెను, పక్కకు జరిపి, సర్వరును మంచినీళ్ళు అడిగారు. ఆ మంచినీళ్ళు అడిగిన తీరు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. మరునాడు ఆయన వద్దంటున్నా ఆరింటికే లాడ్జి దగ్గర నిలబడి, అదే చోటికి మళ్ళీ తీసుకువెళ్ళాను. ఈసారి రెండో కాఫీ ఆయనే చెప్పారు.

ఇక ఉదయం వేళకు నా ఓటు మూలాపేటకే. మూలస్థానేశ్వరస్వామి గుడి చుట్టుపక్కల సందుల్లో నాలుగైదు బల్లలకు మించి పట్టని టిఫిను హోటళ్ళు కొన్ని ఉన్నాయి. వాటిలో నేను వెళ్ళేదానికి బోర్డు ఉన్నది కానీ, దాని మీది అక్షరాలు ఎండకు వెలిసిపోయి చాలాకాలమైంది. అయిదున్నరకే బయట సైకిళ్ళు, స్కూటర్లు ఆగి ఉన్న చోటు ఏదో చూసుకుంటే అదే ఆ హోటలు. అక్కడి మాస్టరుకు అరవై ఏళ్ళుంటాయి. గ్లాసులో ముందు పంచదార, దాని మీద రెండు వేళ్ళ ఎత్తున డికాషన్ పోసి, పొంగు అంచున నిలిపి ఉంచిన పాల మీది మీగడను గరిటె వెనుక భాగంతో ఒక పక్కకు నెట్టి, జానెడు ఎత్తునుంచి పాలు వదులుతారు. చెంచాతో కలపడమన్నది లేదు. గ్లాసు నుంచి డబరాకు, డబరా నుంచి గ్లాసుకు ఒకే ఒక్కసారి తిరగబోస్తారు. రెండోసారి పోస్తే వేడి తగ్గుతుందని ఆయన పట్టు. గ్లాసు అంచు తప్ప మరెక్కడా పట్టుకోలేనంత కాలుతుంది, డబరా ఉన్నది అందుకే. పంచదార తక్కువ కావాలంటే డికాషన్ చేతిలోకి తీసుకోకముందే చెప్పాలి, ఆ తరువాత ఎంత అరిచినా ఆయన వినిపించుకోరు. ఒకసారి నేను ఏడున్నరకు వెళితే, "కొత్తది దిగతా ఉంది సార్, పది నిమిషాలు కూర్చోండి" అని నన్ను ఆపేశారు. అమ్ముకునే మనిషి ఆ మాట అనగలగడమే ఆ కాఫీ గొప్పతనమని నా లెక్క.

మా కాఫీ మీకు మొదట్లో కొంచెం బరువుగా అనిపించవచ్చు. తమిళనాట పేరుపడ్డ కుంభకోణం డిగ్రీ కాఫీకి ఆవుపాలు వాడడం ఆనవాయితీ. ఇక్కడ హోటళ్ళలో ఎక్కువగా గేదెపాలే. గేదెపాలలో వెన్న ఆరు శాతానికి పైనే ఉంటుంది, ఆవుపాలలో నాలుగు శాతం దగ్గర ఆగుతుంది. అందుకే ఇక్కడ పలుచటి డికాషన్ నిలవదు, పాలే దాన్ని మింగేస్తాయి. మద్రాసు అలవాటే మాకూ వచ్చిందని కొందరు తేలికగా అంటారు. 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాము, నేటికీ మాకు విజయవాడ కంటే చెన్నయే దగ్గర, పెళ్ళి బట్టలకూ పెద్ద వైద్యానికీ పొద్దున రైలెక్కి పోయేది అక్కడికే, కాబట్టి ఆ మాట కాదనలేను. అయితే పాల దగ్గర మాత్రం మేము మేమే. పని మీద నెలకొకసారి ఒంగోలు వెళుతుంటాను. కావలి దాటినప్పటి నుంచి రోడ్డు పక్క బంకుల్లో కాఫీ అడిగితే టీ గిన్నె వంక చూసి, పొడి పొట్లం చించి పాలలో కలిపి ఇచ్చేవారే ఎక్కువగా కనిపించారు. ఒంగోలులో నాకు మంచి కాఫీ దొరికింది ఒక స్నేహితుని ఇంట్లోనే కనుక, ఆ ఊరి గురించి తీర్పు చెప్పను.

పది, పదకొండు గంటల వేళ ట్రంకు రోడ్డులో పని ఉంటే టిఫిను తినండి, కాఫీ మానుకోండి. కోమల విలాస్ పేరు ఈ ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు, కానీ వారు చెప్పేది భోజనం సంగతి, మీ ప్రశ్న అది కాదు. రైల్వే స్టేషను ప్లాట్‌ఫారం మీద ఏ వేళా తాగవద్దు. రొట్టెల పండుగ రోజుల్లో స్వర్ణాల చెరువు, దర్గామిట్ట వైపు కాఫీ కోసమని వెళ్ళవద్దు. లక్షల జనం వచ్చే చోట ఎవరూ డికాషన్ దిగేదాకా ఆగలేరు, వారిని తప్పు పట్టడానికీ లేదు.

మధ్యాహ్నం మూడున్నరకు మళ్ళీ కొత్త డికాషన్ మొదలవుతుంది. ఆ వేళకు నేను పొగతోటలో ఉంటాను. ఆసుపత్రులు, క్లినిక్కులు, మందుల షాపులు తప్ప మరొకటి కనిపించని ఆ వీధుల్లో కాఫీ కొట్లకు బేరం ఎక్కువ, కూర్చునే చోటు తక్కువ. రోగి తాలూకు వాళ్ళు ఫ్లాస్కులతో వచ్చి వరుసలో నిలబడతారు. ఫ్లాస్కు పట్టుకున్నవారిని ముందు పంపించడం అక్కడి మర్యాద, కొత్తవారు తెలియక ముందుకు దూరుతుంటారు. వరుస ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పొడి నిలవ ఉండదు, పాలు మారుతూనే ఉంటాయి, కాఫీ ఎప్పుడూ ఒకే తీరుగా వస్తుంది. మూలాపేట కాఫీతో సమానమని అనను. అయితే సాయంత్రం ఆరు దాకా నమ్మదగినది ఈ ఊళ్ళో అదొక్కటే. కాగితం కప్పు వద్దని, గాజు గ్లాసులో ఇమ్మని అడగండి, ఇస్తారు.

మాగుంట లేఅవుట్‌లో వచ్చిన ఏసీ కేఫుల గురించి మా అబ్బాయి రాయమన్నాడు. వాడి బలవంతం మీద రెండు మూడుసార్లు వెళ్ళాను. యంత్రంలో మామూలు గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్ల ఒత్తిడితో వేడినీళ్ళను పంపి అర నిమిషంలోపే దించే ఎస్ప్రెసోకూ, తనంత తానుగా జారే మన డికాషన్‌కూ పోలిక పెట్టడం న్యాయం కాదు, అవి వేరు వేరు పానీయాలు. అక్కడ ఒకచోట అరకు గింజలతో, పాలు లేకుండా చేసిన కాఫీ తాగినప్పుడు, చికోరీ (కాఫీ పొడిలో కలిపే ఒక మొక్క వేరు పొడి) కలవని గింజకు ఇంత పులుపూ పళ్ళ వాసనా ఉంటాయా అని నాకు ఆశ్చర్యం కలిగింది. ఒక్క గ్లాసుకు 160 రూపాయలు ఇచ్చినందుకు బాధ కూడా కలిగింది. ఆడపిల్లలు ఒంటరిగా కూర్చుని గంటసేపు చదువుకోగలిగిన చోటు పాత హోటళ్ళలో లేదు, అక్కడ ఉన్నది. మా అమ్మాయి ఆ మాట అన్నాక నేను ఆ కేఫులను వెక్కిరించడం మానేశాను.

పొడి విషయానికి వస్తే, పెద్దబజారు వైపు గింజలు వేయించి, ఎదురుగా మర ఆడించి ఇచ్చే చోటు వెతుక్కోండి. వీధి మలుపులోనే వాసన దారి చెబుతుంది. ప్లాంటేషన్ గింజ (కడిగి ఆరబెట్టిన అరబికా రకం), పీబెరీ (పండులో రెండుకు బదులు ఒక్కటే కాసే గుండ్రటి గింజ) చెరి సగం అడిగి, చికోరీ 20 శాతానికి మించవద్దని చెప్పండి. కట్టి అమ్మే మిశ్రమాలలో చట్టం ప్రకారం కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, అంటే 49 శాతం దాకా చికోరీ ఉండవచ్చన్న మాట. ప్యాకెట్టు వెనుక చిన్న అక్షరాలలో ఆ లెక్క ముద్రించి ఉంటుంది, చదువుకుని కొనండి. చికోరీ పూర్తిగా వద్దనుకోకండి, మన గేదెపాలకు ఆ చిక్కదనం కావాలి. వారానికి సరిపడా, అంటే ఇద్దరికి 200 గ్రాములు మాత్రమే తెచ్చుకుని, గాలి చొరని డబ్బాలో ఉంచుకోండి. మీ ఇంటి బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాటితో డికాషన్ వేయవద్దు. మా వీధిలో అదే ఇబ్బంది, ఫిల్టరుకు మాత్రం తాగే నీళ్ళ క్యాను వాడతాము. ఆదివారం మధ్యాహ్నానికి మర ఆపేస్తారు కనుక, శనివారం సాయంత్రమే వెళ్ళండి.