సమాధానం: కత్తెర పురుగులోంచి వచ్చిన ఈగ ఏది?

అన్నా, చీపురుపల్లి దగ్గర మీ మొక్కజొన్నలో పట్టి సీసాలో పెట్టిన కత్తెర పురుగు రెక్కల పురుగు కాలేదు, నల్లటి ఈగ వచ్చింది, ఇంటి ఈగే దూరిందేమో అని అడిగారు. కాదు. మీ ఫొటోల్లో ఉన్నది టాకినిడ్ ఈగ. దీని పిల్ల పురుగు కత్తెర పురుగు లాంటి గొంగళి పురుగు ఒంట్లోనే ఉండి, దాన్ని లోపల్నుంచి తినేస్తుంది.

రెక్కలు రెండే కాబట్టి కందిరీగ జాతి కాదు, వాటికి నాలుగుంటాయి. ఇక భూతద్దంతో పొట్ట చూడండి. ముళ్లలా నిలబడ్డ గట్టి వెంట్రుకలు కనిపిస్తాయి. అవొక్కటే చాలవు, మాంసపు ఈగలకీ కొన్ని ఉంటాయి. అసలు గుర్తు పక్కనుంచి చూస్తే దొరుకుతుంది: వీపు చివరి చిన్న పలక కింద ఇంకో గుండ్రటి ఉబ్బు. మీ రెండో ఫొటోలో అది చక్కగా పడింది.

కచ్చితమైన పేరు ఫొటోతో తేలదు, చాలాసార్లు మగ ఈగ జననాంగాలు చూడాల్సిందే. అందుకే దాన్ని పారేయకండి. 70 శాతం ఆల్కహాల్‌లో వేయండి, అది చీల్చుకుని వచ్చిన ఎర్రగోధుమ గుల్లతో సహా. ఊరు, తేదీ, పైరు, ఏ పురుగులోంచి వచ్చిందీ పెన్సిల్‌తో రాసి ఆ చీటీ లోపలే పెట్టండి. పెన్ను సిరా కరిగిపోతుంది. ఆ చీటీ లేకపోతే ఈగ ఉన్నా సగం విలువ పోయినట్టే. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానంలో చూపించండి.

ఇంకోటి, చేలో పురుగు ఒంటి మీద తెల్లటి చిన్న గుడ్లు అతుక్కుని ఉంటే దాన్ని నలపకండి. మన ఈగలు అందులోంచే వస్తాయి.