డ్రిప్‌లో కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) కలపమంటే భయంగా ఉంది, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

చెల్లీ, చెన్నైలో స్టాఫ్ నర్సుగా కొత్తగా చేరానని, కేసీఎల్ ఆర్డర్ వస్తే టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయని రాశావు. నెల్లూరు నుంచి వచ్చి పదకొండేళ్లుగా నేను ఇక్కడే వార్డులో చేస్తున్నాను. ఇప్పటికీ ఆ ఆంప్యూల్ మీద పేరు రెండుసార్లు చదవందే పగలగొట్టను. చూడటానికి డిస్టిల్డ్ వాటర్‌లాగే ఉంటుంది.

సెలైన్‌లో కలపకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుందని కాలేజీలోనే చెప్పి ఉంటారు. నేను తప్పు చేసింది అక్కడ కాదు. చేరిన ఏడాది, నైట్ డ్యూటీ. విరేచనాలతో వచ్చిన ఒక పెద్దాయనకు పొటాషియం 2.8 వచ్చింది, కనీసం 3.5 ఉండాలి. స్టాండుకు వేలాడుతున్న సెలైన్ బాటిల్లో 200 ఎంఎల్ మిగిలి ఉంటే అందులోకే ఒక ఆంప్యూల్ వేసేశాను. కాసేపటికే ఆయన చెయ్యి మంటగా ఉందన్నారు. సీనియర్ సిస్టర్ పరుగున వచ్చి క్లాంప్ మూసేసి, "బాటిల్ దించి కలిపావా?" అని అడిగింది. లేదన్నాను.

కేసీఎల్ సెలైన్ కన్నా బరువు. వేలాడే బాటిల్లో వేస్తే అడుగున, సెట్ గుచ్చిన చోటే పేరుకుంటుంది. ముందుగా చిక్కటి మందే నరంలోకి పోతుంది. పైగా నేను వేసింది 200 ఎంఎల్‌లో. 10 ఎంఎల్ ఆంప్యూల్లో 20 ఎంఈక్యూ (మిల్లీఈక్వివలెంట్, పొటాషియం కొలత) ఉంటుంది కాబట్టి అది లీటరుకు 100 అయింది. చేతి నరానికి 40 దాటకూడదు. అదే ఆంప్యూల్ కొత్త 500 ఎంఎల్ బాటిల్లో వేసి, పదిసార్లు తలకిందులు చేసి, లేబుల్ అంటించి, రెండు గంటలకు తగ్గకుండా ఎక్కించి ఉంటే సరిపోయేది. గుండె మానిటర్ లేని పేషెంటుకు గంటకు 10 మించనివ్వకు. ఆయనకు ఏమీ కాలేదు. నాకు మాత్రం ఆ రాత్రి ఏడుపు ఆగలేదు.

కలిపే ముందు యూరిన్ వస్తోందా, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత అన్నది చూడు. పొటాషియం బయటికి పోయేది ముఖ్యంగా కిడ్నీల ద్వారానే. చార్టులో టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి పొటాషియం పెంచే మందులు ఉంటే డాక్టరుకు గుర్తు చెయ్యి. ఎంత ఇచ్చినా పెరగకపోతే మెగ్నీషియం చూపించారా అని అడుగు. రీపీట్ శాంపిల్ డ్రిప్ ఉన్న చేతి నుంచి తియ్యకు.

సిరప్ అయితే గ్లాసు నీళ్లలో కలిపి, అన్నం తిన్నాక మెల్లగా తాగించాలి, లేకపోతే కడుపులో మంట. ఇంటికి వెళ్లేటప్పుడు ఎన్ని రోజులు వాడాలో, మళ్లీ ఎప్పుడు టెస్టు చేయించాలో పేషెంటు వెంట ఉన్నవాళ్లకు తెలుగైనా తమిళమైనా విడమరిచి చెప్పు. కిడ్నీ జబ్బున్న వాళ్లకైతే కొబ్బరినీళ్లు, సోడియం తక్కువ ఉప్పు వద్దని కూడా చెప్పు. ఆ ఉప్పులో సోడియం బదులు కలిపేది పొటాషియమే.

డ్రిప్ నడుస్తుండగా ఒంట్లో నీరసం, తిమ్మిర్లు, పల్స్ నెమ్మదించడం కనిపిస్తే ముందు డ్రిప్ ఆపి, తర్వాత డాక్టరుకు ఫోన్ చేసి ఈసీజీ తియ్యి. రాత్రి వార్డులో నువ్వొక్కదానివే ఉంటే పక్క వార్డు సిస్టర్‌ను పిలువు. ఆమె డోసు చూసేదాకా ఆంప్యూల్ పగలగొట్టకు. ఎవరైనా విసుక్కున్నా ఫరవాలేదు.