కుక్కపిల్లను ఎన్నో వారంలో తేవాలి? ఇంజెక్షన్లు అయ్యేదాకా గడప దాటించకూడదా?

మీరు అడిగినవి రెండు. 40 రోజుల బీగల్ పిల్లను అమ్మే ఆయన "ఇప్పుడే తీసుకెళ్లండి, చిన్నప్పుడైతేనే మీకు మాలిమి అవుతుంది" అంటున్నాడు, తెచ్చుకోవచ్చా అని. తెచ్చాక డాక్టర్ చెప్పినట్టు ఇంజెక్షన్లన్నీ పడేదాకా ఇంట్లోనే ఉంచాలా, లేక మీ ఫ్రెండ్ అంటున్నట్టు రోజూ పార్కులో తిప్పాలా అని. మొదటిదానికి నా జవాబు: వద్దండి. రెండోదానికి వస్తే ఇద్దరూ చెరి సగం కరెక్టే. నేల మీద దించకండి, కానీ లోకం మాత్రం రోజూ చూపించండి.

మా ఇంట్లో ఇప్పుడు రెండున్నాయి. ఒకటి లాబ్రడార్ ఆడది, పండు. ఇంకోటి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పుట్టిన నాటు కుక్క, పేరు కర్రోడు. రెంటినీ రెండు నెలలు దాటాకే ఇంట్లోకి తెచ్చాం. కర్రోడి విషయంలో అయితే తల్లికి అన్నం పెడుతూ, పిల్లలు పాలు మానేదాకా ఆగి, అప్పుడు పైకి తీసుకొచ్చాం. "కళ్లు తెరవగానే తెచ్చేయాల్సింది" అని సలహా ఇచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ సలహా వినకపోవడమే మంచిదైంది.

8 వారాలు ఎందుకంటే, పిల్ల తోబుట్టువులతో ఆడేటప్పుడు గట్టిగా కరిస్తే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది, తల్లి అయితే ఒక్క గుర్రుతో సర్దుతుంది. ఎంత గట్టిగా కరిస్తే నొప్పి పుడుతుందో దానికి అలా తెలుస్తుంది. అయిదారు వారాలకే విడదీసి తెచ్చిన పిల్లకు ఆ పాఠం మీ చేతులు, మీ పిల్లల కాళ్లే నేర్పాలి. చట్టం కూడా అదే అంటుంది, 2017లో కేంద్రం తెచ్చిన డాగ్ బ్రీడింగ్ అండ్ మార్కెటింగ్ నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, అమ్మేవాళ్లకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎంతమంది పాటిస్తున్నారనేది మీకూ తెలుసు, నాకూ తెలుసు. వయసు చెప్పడంలో కూడా కొంతమంది అటూ ఇటూ చేస్తారు కాబట్టి పళ్లు చూపించుకోండి. పాలపళ్లు మూడు నాలుగు వారాలకు మొదలై రెండు నెలల ప్రాంతంలో 28 పూర్తిగా వచ్చేస్తాయి, డాక్టర్‌కి చూపిస్తే వయసు సుమారుగా చెప్పేస్తారు.

ఇక అసలు చిక్కు. కుక్కపిల్ల కొత్తవాటిని పెద్దగా భయపడకుండా ఒప్పుకునే వయసు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకానే. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ లేబొరేటరీలో దీని మీద చాలా పని చేశారు. 1961లో వచ్చిన వాళ్ల ప్రయోగం ఒకదాంట్లో, 14 వారాల దాకా మనుషుల పొడ తగలకుండా పెరిగిన పిల్లలు ఆ తర్వాత మనిషి దగ్గరికి రావడానికే ఇష్టపడలేదు. ఇంకోపక్క ఇంజెక్షన్ల లెక్క చూడండి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటిది, తర్వాత మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున 16 వారాలు నిండేదాకా. అన్నిసార్లు ఎందుకంటే జున్నుపాలతో తల్లి ఇచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నన్నాళ్లూ మనం వేసిన టీకాను పనిచేయనివ్వదు, ఆ రక్షణ ఒక్కో పిల్లలో ఒక్కో వారంలో తగ్గిపోతుంది, అందుకే మళ్లీ మళ్లీ వేస్తారు. అంటే కోర్సు పూర్తయ్యేసరికి ఆ వయసు దాటిపోయింది. డాక్టర్ మాట అక్షరాలా పాటిస్తే పార్వో (వాంతులు, విరేచనాలతో కుక్కపిల్లల ప్రాణాలు తీసే వైరస్ జబ్బు) రాని, కానీ లిఫ్టు చూసినా వణికే కుక్క తయారవుతుంది. మా పై ఫ్లోర్‌లో అలాంటిది ఒకటుంది, పాపం, చుట్టాలొస్తే మంచం కింద నుంచి బయటికి రాదు.

అలాగని పార్కు మాత్రం వద్దే వద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది, మామూలు ఫినాయిల్‌ని నమ్ముకోలేం, బ్లీచింగ్ ద్రావణమే కావాలి. విదేశీ వీడియోల్లో పచ్చగడ్డి మీద పిల్లను వదిలేస్తారు, అక్కడ వీధికుక్కలు లేవు. మన దగ్గర ప్రతి సందులో టీకా పడని కుక్కలు తిరుగుతుంటాయి, డిస్టెంపర్ అనే ఇంకో ప్రాణాంతక వైరస్ జబ్బు కూడా ఆ కుక్కల నుంచే అంటుకుంటుంది. అన్నిటికన్నా డేంజర్ నేల ఏదంటే పశువుల ఆసుపత్రి నేల, జబ్బు కుక్కలన్నీ వచ్చేది అక్కడికే కదా. అక్కడ పిల్లను ఒళ్లోనే ఉంచుకోండి, ఎంత గింజుకున్నా దించకండి. బయటి మట్టి అంటిన మీ చెప్పులు ఇంటి గుమ్మం బయటే విడవండి.

మేం చేసిందేంటంటే, పండుని ఒక కూరగాయల బుట్టలో పాత టవల్ వేసి ఎత్తుకుని తిప్పేవాళ్లం. సాయంత్రం మెయిన్ రోడ్డు దగ్గర టీ బండి పక్కన నిలబడితే చాలు, ఆటోలు, బస్సు హారన్లు, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు, చేతికర్ర పట్టుకున్న తాతలు, లుంగీలు, బుర్ఖాలు, అన్నీ పావుగంటలో కనిపిస్తాయి. ప్రతి కొత్తదానికీ ఉడికించిన చికెన్ ముక్క చిన్నది, గోరంత. ఇంట్లో మిక్సీ, కుక్కర్ విజిల్, చీపురు. తమాషా ఏంటంటే సెల్లార్‌లో పుట్టిన కర్రోడికి కార్లు, హారన్లు లెక్కే లేదు, మిక్సీ వేస్తే మాత్రం సోఫా వెనక్కి పరుగు. పండుకి మిక్సీ ఓకే, విప్పిన గొడుగంటే హడల్. కాబట్టి మీ పిల్ల దేనికి జంకుతుందో చూసి దాని మీదే ఎక్కువ పని చేయండి, నా లిస్టు మీకు పనికి రాకపోవచ్చు.

ఒక మాట, అలవాటు చేయడమంటే అందరి చేతులూ మారడం కాదు. చుట్టాల పిల్లలు తలా ఒకసారి ఎత్తుకుని పిసికితే అది మనుషులంటే భయమే నేర్చుకుంటుంది. దూరం నుంచి చూడనివ్వండి, దానంతట అది ముందుకొస్తే సరే. తోక ముడిచినా, ఊరికే ఆవులిస్తున్నా, మూతి నాక్కుంటూ ముఖం తిప్పేసినా ఇక చాలని అర్థం, వెనక్కి వచ్చేయండి. రోజూ కాసేపు చెవులు, పాదాలు, నోరు పట్టుకుని చూస్తూ ఉండండి, రేపు గోళ్లు తీసేటప్పుడు, పిడుదులు ఏరేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

వేరే కుక్కలతో కలపడమా? టీకాలన్నీ పడిన, నెమ్మదైన పెద్ద కుక్క తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటే అక్కడికి తీసుకెళ్లండి. పప్పీ క్లాసుల (కుక్కపిల్లల్ని ఒకచోట చేర్చి అలవాట్లు నేర్పే క్లాసులు) విషయంలో ఏవీఎస్‌ఏబీ అనే అమెరికా పశువైద్యుల సంఘం, మొదటి టీకా వేసి కనీసం వారం గడిచి, నులిపురుగుల మందు కూడా పట్టాక మొదలుపెట్టవచ్చంటుంది. ఇక్కడ క్లాసు అంటే నేల కడుగుతారా, ప్రతి పిల్ల టీకా కార్డూ చూసి లోపలికి రానిస్తారా అని అడగండి, నీళ్లు నమిలితే మానేయండి. రేబిస్ ఇంజెక్షన్ మూడు నెలలకు వేస్తారు. ఈలోగా మీ పిల్లను గానీ మిమ్మల్ని గానీ వీధికుక్క, వీధి కూన అయినా సరే, కరిచినా గీరినా పిల్లదే కదా అని వదిలేయకండి. సబ్బునీళ్లతో పావుగంట గాయం కడిగి, మీకైతే మీరు ఆసుపత్రికి వెళ్లాలి, మీ పిల్లకైతే దాన్ని పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, అదీ అదే రోజు.

ఏ నెలలో తేవాలి అనేది ఎవరూ ఆలోచించరు. దీపావళి వారంలో మాత్రం వద్దు. కొత్త ఇంటికి వచ్చిన పిల్ల చెవి పక్కన లక్ష్మీ బాంబు పేలితే ఆ భయం ఏళ్లపాటు పోకపోవచ్చు. వినాయక చవితికి మీ సందులో డీజే పెడతారంటే అదీ లెక్కలోకి తీసుకోండి. పండగ దగ్గరపడుతుంటే ఫోన్‌లో టపాకాయల శబ్దం బాగా తక్కువగా పెట్టి, తిండి పెడుతూ, రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెం పెంచండి. ఇంట్లో ఒకరు మొదటి రెండు వారాలు సెలవు పెట్టగలిగినప్పుడు తేవడం మేలు, అయితే ఆ సెలవుల్లోనే రోజుకు కాసేపు దాన్ని ఒంటరిగా గదిలో ఉంచడం కూడా అలవాటు చేయండి.

మీ బీగల్ సంగతికొస్తే, అడ్వాన్స్ ఇచ్చేసి ఇంకో పదహారు, పదిహేడు రోజులు తల్లి దగ్గరే ఉంచమనండి, కావాలంటే తిండి ఖర్చు మీరే ఇవ్వండి. తల్లిని చూపించమని అడగండి, ఏ షెడ్డులోనో బోనులో ఉందా, ఇంట్లో మనుషుల మధ్య ఉందా అన్నది చూడండి, ఎందుకంటే ఆ పిల్ల నేర్చుకునే వయసులో సగం అక్కడే గడిచిపోతుంది. పుట్టిన తేదీ రాసివ్వనన్నా, మొదటి టీకా స్టిక్కర్ అంటించిన కార్డు ఇవ్వనన్నా ఆ పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా వదిలేసి వేరేది చూసుకోండి.