ఎక్స్‌రే నార్మల్ అన్నారని వదిలేయకండి

మీ నాన్నగారికి పాతికేళ్లుగా యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నెముకను బిగుసుకుపోయేలా చేసే కీళ్లవాతం) ఉంది, జారి పడ్డాక మెడనొప్పి కొత్తగా మొదలైంది, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, మాత్రలతో సరిపెట్టుకోవచ్చా అని అడిగారు. వద్దండి. ఈ జబ్బు ముదిరినవాళ్లకు పడ్డాక కొత్త నొప్పి వస్తే, ఫ్రాక్చర్ లేదని తేలేదాకా ఉన్నట్టే లెక్క.

ఈ జబ్బులో వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి వంగే గుణం పోతుంది, పైగా లోపల ఎముక గుల్లబారి ఉంటుంది. అందుకే వెన్నెముక చిన్న దెబ్బకే సుద్దముక్కలా అడ్డంగా విరుగుతుంది, ఎక్కువగా మెడ కింది భాగంలో. సరిగ్గా అక్కడే భుజాలు అడ్డొచ్చి ఎక్స్‌రే మోసం చేస్తుంది. వెన్నెముక మొత్తానికీ సీటీ స్కాన్ అడగండి, ఒక్కోసారి రెండు చోట్ల విరుగుతుంది. అవసరమైతే ఎంఆర్‌ఐ కూడా తీస్తారు.

ఇవాళే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అంబులెన్స్ వాళ్లకు జబ్బు పేరు ముందే చెప్పండి. ఆయన మెడ ఎప్పటినుంచో ముందుకు వంగి ఉంటే, దాన్ని నిటారు చేసి కాలర్ బిగించకూడదు. అలవాటైన వంపులోనే తలగడలు పెట్టి కదలకుండా ఉంచాలి. బలవంతంగా సరిచేస్తే వెన్నుపాము దెబ్బతినొచ్చు. చేతులు, కాళ్లు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా నిమిషం కూడా ఆగొద్దు. మెడ వంపు ఉన్నట్టుండి మారినా (తగ్గిందని సంతోషించకండి) అది విరిగిన గుర్తే కావచ్చు.

మసాజ్, మెడ విరిపించడం అసలొద్దు.

ఎముక బలం చూసే డెక్సా పరీక్ష తర్వాత తీరిగ్గా చేయించొచ్చు. నడుము దగ్గర కొత్త ఎముక పెరగడంతో అక్కడి రీడింగ్ లేని బలం చూపిస్తుంది, తుంటి రీడింగ్ చూడమనండి.