యాప్‌ను స్టోరుకు పంపే ముందు: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

నీ యాప్ పని పూర్తయిందనీ, ఇక గూగుల్ ప్లే, ఆపిల్ స్టోర్లలో పెట్టడమొక్కటే మిగిలిందనీ రాశావు. ఖర్చుల లెక్కలనూ బిల్లుల ఫోటోలనూ ఒకేచోట దాచుకునే యాప్‌ను ఒక్కదానివే ఇంతవరకూ తీసుకువచ్చినందుకు చాలా సంతోషించాను. అయితే ఆ మిగిలిన పనిని ఒక పూటలో ముగించవచ్చని నీవు అనుకుంటున్నట్లు తోచి, ఈ ఉత్తరం కొంచెం వివరంగా రాస్తున్నాను. స్టోరుకు పంపే క్రమంలో కొన్ని నిర్ణయాలను ఒకసారి తీసుకున్నాక మార్చడానికి వీలుండదు. మరికొన్నింటిని ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. కొత్తవాళ్లు ఐకాన్ రంగు గురించి వారాల తరబడి ఆలోచించి, మార్చలేని వాటిని మాత్రం ఫారం నింపుతూ ఆ క్షణంలో తోచినట్లు తేల్చేస్తారు. నీవు ఆ వరుసను తిరగేయాలని నా కోరిక.

అన్నింటికన్నా ముందు ప్యాకేజీ పేరు, అంటే స్టోరు నీ యాప్‌ను గుర్తుపట్టే లోపలి పేరు, చూసుకో. ఐఫోన్ వైపు దాన్నే బండిల్ ఐడీ అంటారు. ఒకసారి బిల్డ్ (కోడు నుంచి తయారుచేసి స్టోరుకు పంపే యాప్ ఫైలు) అప్‌లోడ్ అయిన తర్వాత దాన్ని మార్చలేవు. మార్చితే స్టోరు దృష్టిలో అది వేరే యాప్ అవుతుంది. పాత యాప్ పెట్టుకున్నవాళ్లకు అప్‌డేట్ అందదు, అప్పటిదాకా వచ్చిన రేటింగులు పాతదానితోనే ఉండిపోతాయి. ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు టెంప్లేట్ ఇచ్చిన 'ఎగ్జాంపుల్' అన్న పేరు అలాగే ఉందేమో చూడు, దాన్ని గూగుల్ ప్లే అసలు తీసుకోదు. నీ పేరున ఉన్న డొమైన్ (వెబ్ చిరునామా) భాగాలను చివరి నుంచి మొదటికి వరుస మార్చి పెట్టుకోవడం మంచి అలవాటు. యాప్ చేసే పనిని మాత్రం ఆ పేరులో ఇరికించకు. జనానికి కనిపించే పేరును రేపు మార్చుకోవచ్చు, ఈ పేరు మాత్రం యాప్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

రెండవది ధర. ప్లేలో ఒకసారి ఉచితంగా పెట్టిన యాప్‌ను తర్వాత డబ్బు కట్టి దించుకునే యాప్‌గా మార్చడం కుదరదు; కావాలంటే కొత్త ప్యాకేజీ పేరుతో మళ్లీ మొదలుపెట్టాలి. లోపల కొనుగోళ్లూ చందాలూ పెట్టుకునే దారి మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నీ యాప్ విషయంలో ఉచితంగా ఇచ్చి, అదనపు సౌకర్యాలకు లోపల రుసుము పెట్టడమే సరైనదని నా అభిప్రాయం, ఎందుకంటే లెక్కలు రాసుకునే యాప్‌ను నాలుగు రోజులు వాడి చూడకుండా ఎవరూ డబ్బు పెట్టరు.

డెవలపర్ అకౌంట్ ఇంకా తెరవకపోతే ఈ ఉత్తరం చదవడం ముగించగానే తెరువు. గూగుల్‌కు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి, ఆ సభ్యత్వం గడువు దాటితే నీ యాప్ కొత్తవాళ్లకు దొరకకుండా పోతుంది. డబ్బు కన్నా ముఖ్యమైనది సమయం. గుర్తింపు పత్రాల పరిశీలనకే కొన్ని రోజులు పట్టవచ్చు. అదీగాక 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత అకౌంట్లకు గూగుల్ ఒక నిబంధన పెట్టింది: కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టులో (నీవు ఎంచుకున్నవాళ్లకే యాప్ దొరికే పరీక్షలో) ఉంటేనే అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. మొదట ఈ సంఖ్య 20 ఉండేది, తర్వాత తగ్గించారు. మధ్యలో ఇద్దరు టెస్టు నుంచి తప్పుకుంటే సంఖ్య తక్కువవుతుంది కనుక పదహారు, పదిహేడు మందిని సిద్ధం చేసుకోవడం మంచిది. వాళ్లను ఊరికే ఇన్‌స్టాల్ చేయమని బతిమాలకు. ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగించు: ఒకరు నెల ఖర్చులన్నీ రాయాలి, ఒకరు నెట్ లేని చోట వాడాలి, ఒకరు ఫోన్ మార్చి డేటా తిరిగి తెచ్చుకోవాలి. ఆ దరఖాస్తులో టెస్టర్లు ఏం చెప్పారు, దాన్నిబట్టి నీవు ఏం మార్చావు అని అడుగుతారు. నిజంగా పరీక్షించినవాళ్లుంటేనే ఆ ప్రశ్నలకు జవాబు ఉంటుంది.

ఇప్పుడు సైనింగ్ కీ, అంటే యాప్ నీదేనని రుజువు చేసే డిజిటల్ సంతకపు తాళం, దగ్గరకు వస్తున్నాను. 2021 ఆగస్టు నుంచి ప్లేలో కొత్త యాప్‌లన్నీ యాప్ బండిల్ (ఒక్కో ఫోనుకు తగిన యాప్‌ను గూగుల్ తయారుచేసుకునే ఫైలు) రూపంలోనే వెళ్తున్నాయి. ఈ పద్ధతిలో వాడుకరి ఫోనుకు చేరే యాప్‌పై సంతకం చేసే అసలు కీ గూగుల్ దగ్గర ఉంటుంది. నీ దగ్గర ఉండేది అప్‌లోడ్ కీ, అంటే గూగుల్‌కు పంపే ఫైలుపై సంతకం చేసేది. అది పోతే అర్జీ పెట్టి కొత్తది తెచ్చుకోవచ్చు, కానీ అత్యవసరంగా ఒక దోషాన్ని దిద్దాల్సిన రోజున ఆ అర్జీ తేలే వరకూ చేతులు కట్టుకుని కూర్చోవలసి వస్తుంది. కాబట్టి ఆ కీ ఉండే కీస్టోర్ ఫైలునూ, దాని పాస్‌వర్డులనూ రెండు వేర్వేరు చోట్ల భద్రపరచు. కోడు దాచే గిట్ రిపాజిటరీలో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకు.

ఈ సంతకాల వ్యవహారంలో చాలామందికి అంతుచిక్కని ఇబ్బంది ఒకటుంది. నీ కంప్యూటరు నుంచి నేరుగా ఫోనులో వేసిన రిలీజ్ బిల్డులో (విడుదల కోసం తయారుచేసిన దానిలో) గూగుల్ లాగిన్ చక్కగా పనిచేస్తుంది. అదే బిల్డును ప్లే నుంచి దించుకుంటే, ఖాతా ఎంచుకునే పెట్టె తెరుచుకుని, ఎంచుకున్న మరుక్షణం మూసుకుపోయి, మళ్లీ లాగిన్ తెరే వస్తుంది. కోడులో తప్పేమీ ఉండదు. ప్లే తన కీతో మళ్లీ సంతకం చేయడం వల్ల యాప్ వేలిముద్ర (సంతకపు కీని గుర్తించే కోడు) మారింది, లాగిన్ సేవ దగ్గర నీవు నమోదు చేసింది నీ అప్‌లోడ్ కీ వేలిముద్ర. ప్లే కన్సోల్‌లో (డెవలపర్లు తమ యాప్‌లను చూసుకునే గూగుల్ సైటులో) యాప్ సైనింగ్ పేజీలో కనిపించే ఎస్‌హెచ్‌ఏ-1 అనే రకం వేలిముద్రను కూడా అక్కడ చేర్చితే సమస్య తీరుతుంది. అందుకే ఏ బిల్డునైనా ముందు ఇంటర్నల్ టెస్టింగ్‌లో (కొద్దిమందికే అందే ప్లే పరీక్షలో) పెట్టి, స్టోరు నుంచే దించుకుని చూడాలని గట్టిగా చెబుతున్నాను.

తయారీ దశలో వాడే డీబగ్ బిల్డులో సాఫీగా నడిచిందన్న ధీమాతో కూడా ఉండకు. రిలీజ్ బిల్డులో ఆర్8 అనే పనిముట్టు వాడని కోడును తీసేస్తుంది, కోడులోని క్లాసులు, ఫీల్డులు అనే భాగాల పేర్లను కుదిస్తుంది. సర్వరు నుంచి జేసన్ అనే రూపంలో వచ్చే సమాచారాన్ని పేర్లను బట్టి చదివే కోడు ఉంటే, పేర్లు మారిపోవడంతో ఖర్చుల జాబితా ఒక్కోసారి ఏ ఎర్రరూ లేకుండా ఖాళీగా వస్తుంది. ఆ క్లాసులను కదిలించవద్దని ఆర్8కు చెప్పే కీప్ రూల్స్ రాయాలి. ఆ తర్వాత పాత ఫోనులో, అక్షరాల సైజు పూర్తిగా పెంచి, విమానం మోడ్‌లో, అన్ని అనుమతులూ నిరాకరించి చూడు. కెమెరా వద్దన్నవాళ్లకు కూడా లెక్క రాసుకునే వీలుండాలి. గ్యాలరీలోని బిల్లు ఎంచుకోవడానికి ఫోటోలన్నింటిపై అనుమతి అడగనక్కరలేదు. ఆండ్రాయిడ్‌లోని ఫోటో పికర్ ఆ పనిని ఏ అనుమతీ లేకుండానే చేస్తుంది, పైగా అవసరం లేని ఫోటోల అనుమతిని గూగుల్ ఒప్పుకోదు.

డేటా గురించి నింపే ఫారాల దగ్గర తొందరపడకు. ప్లేలో డేటా సేఫ్టీ అనీ, ఆపిల్‌లో యాప్ ప్రైవసీ అనీ అడిగే ఆ ప్రశ్నలకు నీ కోడును మాత్రమే తలచుకుని జవాబిస్తే సరిపోదు. నీవు చేర్చుకున్న ప్రతి ఎస్‌డీకే (ఇతరులు తయారుచేసి ఇచ్చే కోడు) పంపే సమాచారానికి కూడా బాధ్యత నీదే. ఒక కాగితం తీసుకుని, వాడిన ఎస్‌డీకేలు ఏవి, ఏది ఏ సమాచారం తీసుకుంటుంది, ఎక్కడికి పంపుతుంది, ఎందుకు పంపుతుంది అని రాసుకో. కారణం చెప్పలేనిదాన్ని తీసివెయ్యి. మనిషి ఖర్చుల లెక్క అంటే అతని జీవితమంతా అందులో కనిపిస్తుంది. మందుల బిల్లులు చూస్తే జబ్బు తెలుస్తుంది, అప్పుల పద్దు చూస్తే అవస్థ తెలుస్తుంది. నిన్ను నమ్మి అవన్నీ నీ చేతిలో పెట్టినవాళ్లకు నీవు ఇచ్చే మాటే ఆ ఫారం, అందుకే అందులో రాసింది అక్షరాలా నిజమై ఉండాలి. ప్రైవసీ పాలసీ అందరూ తెరవగలిగే వెబ్ పేజీగా ఉండాలి. పీడీఎఫ్‌గా పెడితే గూగుల్ అంగీకరించదు. యాప్‌లో ఖాతా తెరిచే వీలు ఇచ్చినప్పుడు ఖాతాను పూర్తిగా తొలగించుకునే వీలు కూడా యాప్‌లోనే ఇవ్వాలన్న నియమం ఆపిల్ 2022 జూన్ 30 నుంచి అమలు చేస్తున్నది. గూగుల్ దీనికి తోడు యాప్ లేకుండానే తొలగింపు కోరేందుకు ఒక వెబ్ లింకు కూడా అడుగుతుంది. ఐఫోన్‌లో కెమెరా ఎందుకో చెప్పే వాక్యం రాయకపోతే కెమెరా తెరవబోయిన క్షణంలో యాప్ ఆగిపోతుంది. ఆ వాక్యంలో "యాప్‌కు కెమెరా అవసరం" అని రాయకుండా, "బిల్లు ఫోటో తీసి ఆ ఖర్చుకు జత చేయడానికి" అని రాయి.

ఇక స్టోరు తరఫున నీ యాప్‌ను రివ్యూ చేసే (పరిశీలించే) మనిషి గురించి. ఆ వ్యక్తికి నీవెవరో తెలియదు, నీ యాప్ ఎందుకో తెలియదు, బహుశా వేరే దేశంలో ఉంటాడు, చేతిలో ఐప్యాడ్ కూడా ఉండవచ్చు. నీ యాప్ తెరవగానే ఫోన్ నంబరు అడుగుతుంది. అతడు ఏదో నంబరు ఇస్తాడు, ఓటీపీ రాదు, ఒకసారి మళ్లీ పంపమంటాడు, అప్పటికీ రాదు. అంతటితో నీ నెలల శ్రమ అతనికి ఒక్క తెర దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఎప్పుడూ ఒకే కోడుతో తెరుచుకునే ఒక పరీక్ష నంబరు పెట్టి, ఆ ఖాతాలో కొన్ని నెలల ఖర్చులూ కొన్ని బిల్లులూ ముందే నింపి ఉంచు. నిజమైన మనుషుల వివరాలు మాత్రం అందులో వాడకు. ప్లేలో యాప్ యాక్సెస్ విభాగంలోనూ, ఆపిల్‌కు పంపే రివ్యూ నోట్స్‌లోనూ ఆ నంబరూ, కోడూ, ఏ తెర నుంచి ఎక్కడికి వెళ్తే ఏం కనిపిస్తుందో వరుసగా, సరళంగా రాసిపెట్టు. రివ్యూ జరిగే రోజుల్లో సర్వరును కదిలించకు.

లిస్టింగ్ (స్టోరులో నీ యాప్ గురించి కనిపించే పేజీ) గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే దాన్ని తర్వాత మార్చుకోవచ్చు. రెండు స్టోర్లలోనూ పేరుకు 30 అక్షరాలే హద్దు. ప్లేలో చిన్న వివరణకు 80, పెద్ద వివరణకు 4000. ఐకాన్ ప్లేకు 512 పిక్సెల్స్, ఆపిల్‌కు 1024 పిక్సెల్స్ చదరంగా ఉండాలి. స్క్రీన్‌షాట్లలో యాప్‌లో నిజంగా ఉన్న తెరలే చూపు. పేరులో 'నంబర్ వన్', 'ఉచితం' వంటి మాటలు పెట్టకు, ప్లే వాటిని ఒప్పుకోదు. ఐఫోన్ వివరణలో ఆండ్రాయిడ్ ప్రస్తావన కూడా తేకు.

పంపిన తర్వాత ఆపిల్ నుంచి చాలావరకు ఒక రోజులోపే జవాబు వస్తుంది. గూగుల్ దగ్గర వారం లేదా అంతకన్నా ఎక్కువ కూడా పట్టవచ్చు. అందుచేత విడుదల తేదీని ముందుగా ఎవరికీ ప్రకటించకు. ఆమోదం రాగానే దానంతటదే విడుదలయ్యేలా కాకుండా, ప్లేలో మేనేజ్డ్ పబ్లిషింగూ, ఆపిల్‌లో మాన్యువల్ రిలీజూ ఎంచుకుంటే, ఆమోదం చేతిలో పెట్టుకుని నీకు అనువైన రోజున విడుదల చేయవచ్చు.

రిజెక్ట్ అయితే బాధపడకు, మొదటిసారి చాలామందికి అవుతుంది. వాళ్లు ఏ నియమాన్ని ఉదహరించారో ఆ నియమాన్ని పూర్తిగా చదువు, ఆపిల్ 2.1 అని రాస్తే యాప్ అసంపూర్ణంగా ఉందనో, క్రాష్ అయిందనో, లోపలికి వెళ్లే వివరాలు చాలలేదనో అర్థం చేసుకోవాలి. సందేహముంటే అదే సందేశం కింద మర్యాదగా అడుగు, వివరం చెబుతారు. ఏమీ దిద్దకుండా మళ్లీ మళ్లీ పంపడం, వేరే అకౌంటు తెరిచి అదే యాప్ పెట్టడం మాత్రం ఎన్నడూ చేయకు; వాటివల్ల అకౌంటే పోయే ప్రమాదముంది.

మొదటి విడుదలకు ప్లేలో దశలవారీ విధానం లేదు, అది అప్‌డేట్లకే వర్తిస్తుంది. ఆపిల్‌లో అప్‌డేట్లు ఏడు రోజుల్లో ఒక శాతంతో మొదలై క్రమంగా అందరికీ చేరేలా పెట్టుకోవచ్చు. ఎక్కడైనా సరే, ఒకసారి వాడుకరి ఫోనుకు చేరిన వెర్షన్‌ను వెనక్కి రప్పించలేవు. ఇంకా పెద్ద వెర్షన్ కోడుతో (ప్రతి బిల్డుకూ ఇచ్చే వరుస సంఖ్యతో) దిద్దిన బిల్డు పంపడమే మార్గం. అప్‌డేట్ చేసుకోనివాళ్లు ఏళ్ల తరబడి నీ మొదటి వెర్షన్‌నే వాడుతూ ఉంటారు. కనుక తెరవగానే సర్వరును అడిగి, వెర్షన్ మరీ పాతదైతే అప్‌డేట్ చేసుకొమ్మని చెప్పే చిన్న ఏర్పాటును మొదటి బిల్డులోనే పెట్టు, తర్వాత పెడితే ఆ మొదటివాళ్లకు అది ఎప్పటికీ అందదు. క్రాష్ రిపోర్టుల్లో అసలు పేర్లు కనిపించేందుకు, కుదించిన పేర్లకు అసలు పేర్లు చూపే ఆర్8 మ్యాపింగ్ ఫైలును ప్రతి బిల్డుతోపాటు అప్‌లోడ్ చెయ్యి. రోజూ వాడేవాళ్లలో 1.09 శాతం కన్నా ఎక్కువమందికి క్రాష్‌లు కనిపిస్తే ప్లేలో యాప్ కనిపించడమే తగ్గవచ్చు, అందుకని మొదటి వారమంతా ఉదయం, సాయంత్రం ప్లే కన్సోల్‌లో క్రాష్‌ల పేజీ చూడు. ఆ వారంలో కొత్త సౌకర్యాలేవీ చేర్చవద్దు. వాడుకరులు రాసిన రివ్యూలకు జవాబులివ్వు. కోపంగా రాసినవాళ్లకు ముందుగా ఇవ్వు, ఎందుకంటే ఏ తెర దగ్గర ఏం జరిగిందో వాళ్లే సరిగ్గా చెబుతారు.

క్లోజ్డ్ టెస్టు జాబితాలో నా మెయిలు కూడా చేర్చు. నా పాత ఫోనులో జాగా చాలా తక్కువ ఉంది, బిల్లుల ఫోటోలు దాచడం అందులో ఎలా సాగుతుందో చూసి రాస్తాను.

ఇట్లు,
ఆశీస్సులతో,
మామయ్య